ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి

దినపత్రికలో అచ్చైన ఒక మహనీయుని ముఖమును చేతి దూరమునుండి చూచినప్పుడు నుదుటి మీది వెలుగు, చెంపల మీది నీడ, కన్నులలోని మెరుపు అన్నియు ఉన్నవి యున్నట్లే కనిపించును. అదే బొమ్మను భూతద్దముతో చూచినచో ఆ ముఖము మాయమగును. దాని స్థానమున బారులు తీరిన చుక్కలు మాత్రమే కనిపించును. కొన్ని చుక్కలు నలుసువలె చిన్నవి. కొన్ని ఒకదాని నొకటి తాకునంత పెద్దవి. అన్నింటి రంగును నలుపే. బూడిదరంగు సిరా అందు లేశమైనను లేదు. నలుపు తెలుపులను రెండింటితోనే వేయి ఛాయలను కన్నులకు భ్రమింపజేయు ఈ విద్యకు హాఫ్‌టోన్ ముద్రణ యని పేరు.

ఈ విద్య పుట్టినది పాశ్చాత్య దేశములలో. అయినను దాని లోతుపాతులను శోధించి, గుడ్డిగా జరుగుచున్న పనికి లెక్కను, శాస్త్రమును కల్పించిన వారిలో మన దేశస్థు డొకడు కలడు. ఆయన ఏ ముద్రణ కళాశాలలోను చదువలేదు. ఆయనకు గురువును లేడు, తోడి పనివాడును లేడు. చిన్న పిల్లలకు మంచి బొమ్మల పుస్తకము నీయవలెనను కోరికయే ఆయనను ఈ మార్గమునకు నడిపినది. ఆయనయే వంగదేశమునకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి.

ఉపేంద్రకిశోర్ 1863వ సంవత్సరము మే నెలలో మైమన్‌సింగ్ జిల్లాలోని మసూవా గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి కాళీనాథ్ రాయ్ సంస్కృత, అరబ్బీ, పారశీక భాషలలో పండితుడు. తల్లిదండ్రులు బిడ్డకు పెట్టిన పేరు కామదారంజన్. ఆయన అన్నగారైన శారదారంజన్ తరువాతి కాలమున కళాశాలాధ్యాపకుడుగను, వంగదేశమున క్రికెట్ ఆటను వ్యాపింపజేసిన వాడుగను ప్రసిద్ధి కెక్కెను.

బాలునికి ఐదేండ్ల ప్రాయమున ఆతని జీవితము మలుపు తిరిగినది. సంతానము లేని జమీందారు హరికిశోర్ రాయ్ చౌధురి వారికి బంధువు. ఆయన ఈ బాలుని దత్తత చేసికొని, తన పేరునకు తగినట్లు ఉపేంద్రకిశోర్ అని నామకరణము చేసెను. పండితుని యింట పుట్టిన బిడ్డ జమీందారు యింట పెరుగసాగెను. కొంతకాలమునకు హరికిశోరునకు నరేంద్రకిశోర్ అను కుమారుడు కలిగెను. పెద్దవాడైన పిమ్మట ఉపేంద్రకిశోర్ జమీ వ్యవహారములను ఈ తమ్మునికే విడిచి, తన మనసు కోరిన పనికి తాను వెడలెను. ఆస్తి పెంచుకొనుటకంటె విద్య పెంచుకొనుట మేలని ఆయన తలచినట్లు ఆయన నడవడియే చెప్పుచున్నది.

మైమన్‌సింగ్ జిల్లా పాఠశాలలో చదువుచున్న కాలముననే ఆయనకు చిత్రలేఖనము నందును, సంగీతము నందును మక్కువ మెండుగా నుండెను. పాఠము జరుగుచుండగా ఆయన చేయి కాగితముపై బొమ్మలు గీయుచుండెడిది. ఆ దినములలో వంగదేశపు లెఫ్టినెంట్ గవర్నరు సర్ ఆష్లీ ఈడెన్ ఆ పాఠశాలను చూడవచ్చెననియు, ఒక బాలుడు తలవంచి తన రూపమునే గీయుచుండుట గమనించి, కోపింపక మెచ్చుకొని, ఆ విద్యను విడువవలదని ప్రోత్సహించెననియు ఒక కథ వాడుకలో నున్నది. బొమ్మల మీది ప్రీతి చదువునకు అడ్డు రాలేదు. 1880లో ఆయన ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడై విద్యార్థి వేతనమును గూడ పొందెను.

తరువాత కలకత్తా చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1884లో మెట్రోపాలిటన్ విద్యాసంస్థ నుండి బి.ఏ. పట్టము నందెను. ఆ కాలమున కలకత్తా నగరమున నూతన భావములు వెల్లువవలె ప్రవహించుచుండెను. విగ్రహారాధనను, కులభేదములను నిరసించి, స్త్రీ విద్యను సమర్థించిన బ్రహ్మసమాజము యువకుల నాకర్షించుచుండెను. ఉపేంద్రకిశోర్ ఆ సమాజమున చేరెను. బంధువులకు ఇది నచ్చలేదు. అయినను ఆయన తన నిశ్చయమును మార్చుకొనలేదు. 1885లో సంఘసంస్కర్తయైన ద్వారకానాథ్ గంగూలీ కుమార్తె విధుముఖిని వివాహమాడెను. ద్వారకానాథుని రెండవ భార్య కాదంబిని 1883లో కలకత్తా విశ్వవిద్యాలయపు పట్టము పొందిన తొలి మహిళల నిరువురిలో ఒకతె. వైద్యురాలుగా పని చేసిన తొలి భారతీయ మహిళలలోను ఒకతె. అట్టి కుటుంబముతో ఏర్పడిన బాంధవ్యము ఉపేంద్రకిశోరుని మనసును మరింత విశాల మొనర్చెను.

ఆ కాలమున పిల్లలకు చదువుకొనుటకు పాఠ్యపుస్తకములు ఉండెనుగాని, ఇష్టముతో చదువదగిన పుస్తకములు బహు స్వల్పము. అవ్వలు చెప్పు కథలు నోటిమాటగనే మిగిలియుండెను. విజ్ఞాన విషయములను పిల్లల కర్థమగునట్లు చెప్పువారు అరుదు. సఖా, ముకుల్ అను బాలపత్రికలకు ఉపేంద్రకిశోర్ కథలను, విజ్ఞాన వ్యాసములను వ్రాయసాగెను. ఆయన మాట తేలిక, భావము స్పష్టము. వ్రాసినదానికి బొమ్మలను గూడ తానే గీయుచుండెను. పిల్లవాడు మొదట బొమ్మను చూచును, ఆ పిమ్మటనే అక్షరమును చూచునని ఆయనకు చక్కగా తెలియును.

కొంతకాలమునకు ఆయన పిల్లల కొరకు రామాయణ కథను సులభమైన వంగభాషలో వ్రాసి, అందులకు చిత్రములను శ్రద్ధతో గీసెను. పుస్తకము అచ్చై వచ్చెను. దానిని చూచిన రచయిత మనసు క్రుంగిపోయెను. ఆయన గీసిన బొమ్మలకును, కాగితముపై అచ్చైన బొమ్మలకును పోలికయే లేదు. సున్నితమైన నీడలు మసి మరకలుగా మారినవి. ముఖములలోని భావములు చెడిపోయినవి.

ఇందులకు కారణము లేకపోలేదు. ఆ దినములలో బొమ్మలను కొయ్య దిమ్మెలతో అచ్చు వేయుచుండిరి. చిత్రకారుడు గీసిన బొమ్మను చెక్కుడు పనివాడు దిమ్మెపైకి ఎక్కించి, తెల్లగా నుండవలసిన భాగములను ఉలితో తొలగించును. మిగిలిన ఎత్తు భాగములకు సిరా పూసి కాగితముపై నొత్తుదురు. దిమ్మెపై ఎత్తుగా నున్నచోట నలుపు, పల్లముగా నున్నచోట తెలుపు. ఈ రెండేగాని నడుమ మరియొక ఛాయ లేదు. గీత ప్రధానముగా గల బొమ్మకు ఈ పద్ధతి కొంత వరకు చాలును. నీటిరంగులతో వేసిన చిత్రమునకు గాని, కెమెరాతో తీసిన ముఖమునకు గాని ఇది చాలదు. పైగా చెక్కువాని చేయి ఏమాత్రము తడబడినను చిత్రకారుని శ్రమ వ్యర్థమగును.

ఇట్టి సందర్భమున సామాన్యుడు పనివానిని నిందించి ఊరకుండును. ఉపేంద్రకిశోర్ అట్లు చేయలేదు. దోషము మనిషిది కాదు, పద్ధతిది అని ఆయన గ్రహించెను. పాశ్చాత్య దేశములలో ఛాయాచిత్రమును చెక్కుడు పనివాని చేతిలో పెట్టక, వెలుతురుచేతనే లోహపు రేకుపై బొమ్మను ఏర్పరచు పద్ధతి బయలుదేరినదని ఆయన చదివి తెలిసికొనెను. అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్, ఫిలడెల్ఫియా నగరమున లెవీ సోదరులు ఈ పద్ధతిని వృద్ధి చేసి కొలదికాలమే అయినది. మన దేశమున దానిని ఉన్నత ప్రమాణముతో చేయువారు లేరు. నేర్పువారు అసలే లేరు. ఉపేంద్రకిశోర్ తన సొంత ధనముతో లండన్‌లోని పెన్‌రోజ్ కంపెనీ నుండి కెమెరాను, గాజు తెరలను, రసాయనములను, పుస్తకములను తెప్పించెను. సముద్రము దాటి వచ్చిన ఆ సామగ్రిని కలకత్తాలోని అద్దె యింటిలో అమర్చెను. 1895లో యు. రాయ్ అను పేరుతో ఆయన సంస్థ ప్రారంభమైనది.

ఇది చిన్న సాహసము కాదు. జమీందారు దత్తపుత్రుడు, పట్టభద్రుడు, రచయిత అయిన మనిషి చేతులకు సిరా అంటించుకొని, ఆమ్లముల ఆవిరిలో నిలువబడి పని చేయుట ఆ కాలపు పెద్దమనుష్యులకు వింతగా తోచియుండును. సామగ్రి వెల హెచ్చు. గాజు తెర ఒకటి పగిలినచో మరల సీమ నుండి రావలసినదే. చల్లని దేశమున కుదిరిన రసాయనపు పాళ్లు కలకత్తా ఎండకు, తేమకు కుదరవు. సందేహము కలిగినచో అడుగుటకు మనిషి లేడు, గ్రంథములే దిక్కు. ఆ గ్రంథములలోనైనను మూల ప్రశ్నలకు నిశ్చయమైన సమాధానములు లేవని ఆయనకు కొలదికాలముననే తెలిసివచ్చెను.

ఆ ప్రశ్న లెట్టివో గ్రహింపవలెనన్నచో హాఫ్‌టోన్ పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను. రెండు గాజు పలకలపై సన్నని నల్లని గీతలను సమాన దూరమున గీసి, గీతలు అడ్డముగను నిలువుగను ఖండించుకొనునట్లు ఆ పలకలను ఒకదానిపై నొకటి అతికింతురు. ఇదియే తెర. ఒక అంగుళమున నూటికి పైగా గీతలు గల తెరలు మంచి కాగితముపై ముద్రణకు ఉపయోగపడును. ముతక కాగితముపై అచ్చగు దినపత్రికలకు అంతకంటె తక్కువ గీతలు గలవి చాలును. గీతల నడుమ చిన్న చిన్న చదరపు కిటికీలు మిగులును. కెమెరాలో వెలుతురునకు మార్పు చెందు పలక ముందర, దానిని తాకకుండ, కొద్ది ఎడముతో ఈ తెరను నిలుపుదురు. ఎదుటనున్న చిత్రము నుండి వచ్చు వెలుతురు కెమెరా కటకము గుండ ప్రవేశించి, తెరలోని కిటికీల గుండ పలకపై పడును.

ప్రతి కిటికీయు పలకపై ఒక చుక్కను ఏర్పరచును. ఆ చుక్క నడుమ వెలుతురు ఎక్కువ. అంచులకు పోయినకొలది తక్కువ. చిత్రములో తెల్లగా నున్న భాగము నుండి బలమైన వెలుతురు వచ్చును గనుక అచట చుక్క అంచుల వరకు పండి పెద్దదగును. నల్లని భాగము నుండి వచ్చు వెలుతురు స్వల్పము గనుక అచట చుక్క నడిమి భాగము మాత్రమే నిలిచి చిన్నదగును. ఈ విధముగా వెలుతురులోని హెచ్చుతగ్గులు చుక్కల పరిమాణములోని హెచ్చుతగ్గులుగా మారును. ఇట్లు తయారైన నెగటివు నుండి రాగి రేకుపైకి గాని తుత్తునాగపు రేకుపైకి గాని బొమ్మను దింపి, చుక్కలు లేనిచోట లోహమును ఆమ్లము వంటి ద్రవములతో తినిపింతురు. చుక్కలు మాత్రము ఎత్తుగా నిలుచును. ఆ రేకును కొయ్యపై బిగించినచో బ్లాకు సిద్ధమగును. నెగటివులో తెలుపు నలుపులు తారుమారగును గనుక, అచ్చులో నీడలున్నచోట పెద్ద నల్లచుక్కలును, వెలుగున్నచోట చిన్న నల్లచుక్కలును పడును. దూరము నుండి చూచు కన్ను ఆ చుక్కలను విడదీయజాలదు; నలుపును తెలుపును కలిపి ఒకే ఛాయగా గ్రహించును.

కష్టమంతయు ఆ తెరకును పలకకును నడుమ నుండవలసిన ఎడములో ఉన్నది. తెర పలకకు మిక్కిలి చేరువగా నున్నచో ప్రతి కిటికీయు తన చదరపు నీడనే వేయును. చుక్కలన్నియు ఇంచుమించు ఒకే పరిమాణముగా వచ్చి బొమ్మ మొద్దుబారును. మిక్కిలి దూరమైనచో ఒక చుక్క వెలుతురు పక్క చుక్కలోనికి ప్రాకి, అన్నియు కలిసిపోయి బొమ్మ మసకబారును. ముఖచిత్రములలో ఈ దోషము వెంటనే బయటపడును. ఒక కొండ బొమ్మలో నీడ కొంచెము మారినను ఎవరును గమనింపరు. తెలిసిన మనిషి చెంప మీది నీడ కొంచెము మారినచో ఆ మనిషియే వేరొకడుగా కనిపించును. సరియైన ఎడమెంత? కటకమునకు బిగించు రంధ్రము ఎంత వెడల్పుండవలెను? ఈ ప్రశ్నలకు అనుభవజ్ఞులైన సీమ పనివారు గూడ అలవాటు చొప్పున, ఊహ చొప్పున సమాధానము చెప్పుకొనుచుండిరి. ఒకసారి బ్లాకు చక్కగా వచ్చును, మరియొకసారి చెడును. ఎందుకు చెడినదో చెప్పువారు లేరు.

ఉపేంద్రకిశోర్ ఊహను నమ్మలేదు. సూదిరంధ్రము గుండ వెలుతురు ప్రవేశించినప్పుడు ఎదుటి గోడపై బొమ్మ ఏర్పడుట అందరెరిగినదే. తెరలోని ప్రతి కిటికీయు అట్టి సూదిరంధ్రము వంటిదే యనియు, అది కటకపు రంధ్రము యొక్క చిన్న ప్రతిబింబమును పలకపై వేయుచున్నదనియు గ్రహించి, ఆయన ఆ మార్గమున లెక్క కట్టెను. తెరలోని కిటికీ వెడల్పు, తెరకు పలకకు గల ఎడము, కటకపు రంధ్రపు వెడల్పు, కటకమునకు పలకకు గల దూరము అను నాలుగును ఒకదానితో నొకటి నిశ్చిత ప్రమాణముతో ముడివడి యున్నవి. మూడు తెలిసినచో నాలుగవది లెక్కకు అందును. ఇక తడుముకొన నక్కరలేదు. తెరను సరియైన చోట నిలుపుటకు ఉపకరించు ఒక సాధనమును గూడ ఆయన కల్పించెను.

తాను కనుగొన్న దానిని ఆయన దాచుకొనలేదు. లండన్‌లో వెలువడుచుండిన పెన్‌రోజ్ వార్షిక సంచిక ఆ కాలమున ముద్రణ కళకు ప్రమాణ గ్రంథము వంటిది. లోకములోని ప్రసిద్ధ నిపుణులు దానిలో వ్రాయుచుండిరి. 1897 మొదలుకొని ఉపేంద్రకిశోర్ వ్యాసములు దానిలో ప్రచురింపబడినవి. తెరను కుదుర్చు విధానమును గూర్చియు, హాఫ్‌టోన్ చుక్క సిద్ధాంతమును గూర్చియు, సన్నని రంధ్రముల అంచున వెలుతురు వంగుటవలన కలుగు ఫలితములను గూర్చియు ఆయన వరుసగా వ్రాసెను. గీతలు లంబముగా గాక అరువది డిగ్రీల కోణమున ఖండించుకొను తెరను గూర్చి 1905-06 సంచికలోను, ఒకటికి మారుగా పెక్కు రంధ్రములు గల బిళ్లను కటకమునకు బిగించుటను గూర్చి 1911-12 సంచికలోను వివరించెను. పరాధీన దేశమున, కలకత్తాలోని ఒక యింటిలో ఏకాకిగా శోధన సాగించిన మనిషి వ్రాతలను సీమ నిపుణులు శ్రద్ధతో చదివిరి. యంత్రములు సీమనుండి వచ్చినను బుద్ధి ఎచటనైనను పుట్టునని ఇందువలన రుజువైనది.

రంగుల ముద్రణ మరింత చిక్కైన పని. ఒకే చిత్రమును ఎర్ర, ఆకుపచ్చ, నీలి గాజుల గుండ వేరువేరుగా మూడుసార్లు ఫొటో తీసి, మూడు బ్లాకులు చేసి, వానిని తగిన రంగు సిరాలతో ఒకదానిపై నొకటి అచ్చువేయవలెను. మూడు బ్లాకులలోని చుక్కల బారులు ఒకే దిక్కున నున్నచో, లేక ఏమాత్రము ఓరగా తప్పినచో, బొమ్మ నిండ అలల వంటి వికార రేఖలు పుట్టును. అందుచే ప్రతి రంగునకును తెరను వేరొక కోణమున త్రిప్పవలెను. చుక్క స్వభావ మెరిగిన ఉపేంద్రకిశోరునకు ఈ పనియు వశమైనది. పైగా ఆయన స్వయముగ చిత్రకారుడు. ఏ నీడ ఎంత గాఢముగా నుండవలెనో, ఏ వెలుగు చెడరాదో ఆయన కన్నే చెప్పగలదు. రామానంద ఛటర్జీ 1901లో స్థాపించిన ప్రవాసీ పత్రికకును, 1907లో స్థాపించిన మోడరన్ రివ్యూ పత్రికకును ఆయన సంస్థ చిత్రముల బ్లాకులు తయారు చేసెను. అవనీంద్రనాథ ఠాకూరు వంటి చిత్రకారుల కృతులు వాని మూలమున సామాన్యుల యిండ్లకు చేరినవి. రాజమందిరముల గోడలకు మాత్రమే అలంకారములైన చిత్రములు పత్రిక కొన్న ప్రతి గృహస్థునకును దర్శనమిచ్చినవి.

ఇంత పని నడుమను ఆయన పిల్లలను మరువలేదు. ప్రాచీన కాలపు జంతువులను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. పల్లెలలో అవ్వలు చెప్పు పిట్టకథలను సేకరించి 1910లో టున్‌టునీర్ బోయి అను పేరుతో ప్రచురించెను. చిన్న టున్‌టునీ పిట్ట రాజును సైతము ఏడిపించు ఆ కథలను వంగదేశపు పిల్లలు నేటికిని చదువుచున్నారు. ఆయన వయొలిన్ చక్కగా వాయించుచుండెను. బ్రహ్మసమాజపు ఉత్సవములకు కీర్తనలను రచించెను. రవీంద్రనాథ ఠాకూరు ఆయనకు ఆప్తమిత్రుడు. ఇంటినిండ పాట, బొమ్మ, కథ, సిరావాసన కలిసియుండెడివి. అట్టి యింట పెరిగిన బిడ్డలలో సుఖలత, సుకుమార్, పుణ్యలత, సువినయ్ మొదలగువారు రచయితలుగా పేరు గాంచిరి.

పెద్ద కుమారుడైన సుకుమార్ రాయ్ తండ్రి విద్యను శాస్త్రీయముగ అభ్యసింపగోరి, కలకత్తా విశ్వవిద్యాలయపు విద్యార్థి వేతనముతో 1911లో ఇంగ్లండు వెళ్లెను. లండన్‌లోను, మాంచెస్టరు నగరమునను ముద్రణ కళను చదివెను. తండ్రి కనిపెట్టిన పద్ధతులను అచట చేసి చూపెను. తానును పెన్‌రోజ్ సంచికలో వ్యాసములు వ్రాసెను. తండ్రి గురువు లేకుండ నేర్చినదానిని కుమారుడు గురువుల యెదుట ప్రదర్శించుట ఆ కుటుంబమునకు ఎంతటి సంతోషమో ఊహింపవచ్చును.

కుమారుడు తిరిగి వచ్చిన 1913వ సంవత్సరముననే, ఆతని రాకకు కొన్ని నెలల ముందు, ఉపేంద్రకిశోర్ సందేశ్ అను బాలల మాసపత్రికను ప్రారంభించెను. వంగభాషలో సందేశ్ అనగా వార్త. ఒక మిఠాయికి గూడ అదే పేరు. తెలివిని మిఠాయివలె అందించు పత్రికకు ఇంతకంటె తగిన పేరు లేదు. కథలు, గేయములు, విజ్ఞాన విషయములు, పొడుపుకథలు అన్నియు అందుండెను. చిత్రములను గీయుట మొదలు బ్లాకు చేయుట, అచ్చువేయుట వరకు సమస్తమును సొంత సంస్థలోనే జరిగెను. ఒకనాడు చెడిపోయిన రామాయణపు బొమ్మలను చూచి నొచ్చుకొన్న రచయిత, ఇప్పుడు తాను కోరినట్టి బొమ్మను పిల్లల చేతిలో పెట్టగలిగెను. పాటగాడు గూపీ, డోలు వాయించు బాఘా అను నిరువురి కథ 1915లో ఈ పత్రికలోనే వెలువడినది.

1914లో కలకత్తా గడ్‌పార్ వీధిలో ఆయన సంస్థకు, కుటుంబమునకు తగిన భవనము సిద్ధమైనది. దాని నమూనాను ఆయనయే గీసెను. ఇన్నేండ్ల శ్రమకు ఒక నిలువ నీడ దొరకినదని అందరు సంతోషించిరి. కాని అప్పటికే మధుమేహ వ్యాధి ఆయన శరీరమును క్షీణింపజేయుచుండెను. ఆ వ్యాధి నదుపుచేయు ఇన్సులిన్ 1921లో గాని కనుగొనబడలేదు. మందులేని ఆ దినములలో ఆయన శక్తి కుదిరినంతవరకు వ్రాయుచు, గీయుచునే యుండెను. 1915 డిసెంబరు 20వ తేదీన తన 52వ యేట ఉపేంద్రకిశోర్ పరలోకగతుడయ్యెను.

సంస్థ భారము, పత్రిక భారము సుకుమారునిపై పడినవి. ఆతడు హాస్యగేయములతో సందేశ్ పత్రికకు కొత్త వన్నె తెచ్చెను. కాని ఆతడును 1923లో కాలా అజార్ జ్వరముతో అకాల మరణము పొందెను. కొలది సంవత్సరములలో సంస్థయు ఆ కుటుంబము చేతినుండి జారిపోయెను. ఆ భవనమున తరువాత ఒక పాఠశాల వెలసినది. సుకుమారుని కుమారుడు రెండేండ్ల పసివాడుగా నుండగనే తండ్రిని కోల్పోయెను. ఆ బాలుడే లోకప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడైన సత్యజిత్ రాయ్. తాతగారి పత్రికను ఆయన 1961లో పునరుద్ధరించెను. తాతగారి గూపీ, బాఘాల కథను చలనచిత్రముగా తీసెను. అది 1969లో విడుదలై పిల్లలను, పెద్దలను ఒక్కరీతిగ అలరించెను. ఆస్తి నిలువకపోయినను విద్య నిలిచి, మూడవ తరమున మరల చిగిర్చినది.

ఉపేంద్రకిశోర్ వాడిన గాజు తెరలు, రాగి రేకులు నేడు ముద్రణాలయములలో కానరావు. ముఖములను డిజిటల్ కెమెరాలు పట్టుచున్నవి. నీడను గాఢము చేయుట, వెలుగును తగ్గించుట వంటి పనులను కంప్యూటరు చేయుచున్నది. అయినను ఆ చిత్రము కాగితముపైకి దిగవలసి వచ్చినప్పుడు ముద్రణ యంత్రము మరల చుక్కలనే ఆశ్రయించుచున్నది. ఏ చుక్క ఎంత యుండవలెను, ఏ రంగు చుక్కల బారు ఏ కోణమున నుండవలెను అను ప్రశ్నలు నేటికిని మిగిలియే యున్నవి. ఆయన కాగితముపై కట్టిన లెక్కల వంటి వానిని నేడు యంత్రము రెప్పపాటులో కట్టుచున్నది, భేద మంతయే.

తన బొమ్మలు చెడినప్పుడు ఉపేంద్రకిశోర్ విధిని నిందింపలేదు, పనివానిని దూషింపలేదు, అంతటితో తృప్తి పడనులేదు. చెడుటకు కారణ మేమని అడిగెను. సమాధానము పుస్తకములలో దొరకనప్పుడు తానే వెదకెను. దొరికినదానిని లోకమునకు పంచెను. చేతిపని చదువుకొన్నవానికి తగదను భావమును తన నడవడిచే తొలగించెను. వీని నన్నింటిని ఆయన పేరు కొరకు గాక, పిల్లవాని చేతిలో ఒక మంచి బొమ్మ నుంచుట కొరకు చేసెను. మంచి బొమ్మల పుస్తకము చేతికి వచ్చినప్పుడు విద్యార్థులు అందలి ఒక చిత్రమును భూతద్దముతో పరీక్షించి చూడవలెను. ఆ చుక్కల బారులలో నొక మహామనీషి ఓర్పు, శ్రమ, వాత్సల్యము వారికి కనిపించును.